పచ్చటి కోనసీమలో అద్దాలకి దుమ్మేంటండీ?

మా హాలు కిటికీ అద్దం మీద విసనకర్ర ఆకారంలో గీతలున్నాయి. పొద్దున చూస్తే ఏమీ కనపడదు. సాయంత్రం ఐదు దాటాక, కొబ్బరి చెట్ల సందుల్లోంచి ఎండ ఏటవాలుగా వచ్చి ఆ అద్దం మీద పడుతుంది చూడండి, అప్పుడు ఒక్కొక్క గీతా దారపు పోగులా మెరుస్తుంది. చుట్టాలెవరైనా ఆ టైముకి వస్తే నేను ముందే కర్టెన్ వేసేస్తాను. ఆ గీతలు ఊరికే పడలేదు, పదిహేను వందలు ఇచ్చి మరీ గీయించుకున్నాను.

మేముండేది అమలాపురం ఊరి చివర. మూడేళ్ల కిందటి వరకూ మాది పాత పెంకుటిల్లు. దానికున్నవన్నీ చెక్క రెక్కల కిటికీలు, మధ్యలో ఇనుప ఊచలు, అద్దమన్నది బీరువాకి ఒకటీ, మా మావగారు గెడ్డం గీసుకునేది ఒకటీ. సంక్రాంతి ముందు బూజు దులిపి, ఊచలు తడిగుడ్డతో తుడిచి, రెక్కలకి రెండేళ్లకోసారి రంగేస్తే కిటికీల సంగతి అయిపోయేది. కొత్తిల్లు కట్టినప్పుడు ఇంజినీరు గారు కాగితం మీద గీసి చూపిస్తే ముచ్చటపడ్డాం. మెట్ల దగ్గర పదహారు అడుగుల ఎత్తున నిలువు అద్దం, బాల్కనీకి జరిపే అద్దాల తలుపు, పడక గదులకి మూడు ట్రాకుల కిటికీలు, అన్నీ లెక్కేస్తే ఇరవై రెండు పలకలు. వీటిని ఎవరు తుడుస్తారని అప్పుడు ఒక్కరం కూడా అడగలేదు. అడిగితే మా ఆయన "పచ్చటి కోనసీమలో అద్దాలకి దుమ్మేంటే" అనేవారు, ఖాయంగా.

దుమ్మేంటో చెబుతాను వినండి. ఇసుక ర్యాంపు నుంచి వచ్చే లారీలు, ట్రాక్టర్లు మా రోడ్డు మీదే పోతాయి, పైన పట్టా కప్పినా వెనక సన్నగా రాలుతూనే ఉంటుంది. పల్లపు స్థలాలు పూడ్చుకోవడానికి మెట్ట నుంచి ఎర్ర గ్రావెల్ తెస్తారు, అది ఎండాకాలం ఎగిరి వానాకాలం బురదవుతుంది. కాస్త దూరంలో పీచు మిల్లు ఉంది, కొబ్బరి పొట్టు గాల్లో తేలుతూ వచ్చి జాలీలకి పట్టుకుంటుంది. రెండో పంట దాళ్వా కోతలప్పుడు మిషన్లు దిగితే వారం రోజులు ఊరంతా పొగమంచు పట్టినట్టు నలక. కోత అయ్యాక కొందరు గడ్డి తగలేస్తారు, ఆ మసి ఇంకోటి. వీటన్నిటి పైన రైస్ మిల్లు. బాయిలర్‌లో ఊక కాలి ఆ బూడిద నల్లటి రవ్వలుగా రాలుతుంది, ఆరేసిన తెల్ల చొక్కా మీద పడి చూసుకోకుండా దులిపితే చార పడిపోతుంది, ఇటువైపు వాళ్లెవరినడిగినా చెబుతారు. ఇక దీపావళి ముందూ వెనకా మొదటి పంట సార్వా చేల మీంచి పచ్చదీపపు పురుగులు లైటుకి వచ్చి అద్దానికి అంటుకుని చచ్చిపోతాయి. సముద్రం కూడా మరీ దూరం కాదు, గాలి మళ్లితే ఉప్పు తేమ అద్దం మీద జిడ్డులా పేరుకుంటుంది, ఆ జిడ్డు మీద పైన చెప్పినవన్నీ అతుక్కుంటాయి.

సరే, గీతల కథ. గృహప్రవేశమైన ఏడాదికే అద్దాలు పాలు ఒలికినట్టు మసకబారాయి. పేపరు పెట్టి తుడిచాను, నీలం లిక్విడ్ కొట్టి తుడిచాను, మా అత్తగారి పాత కాటన్ చీర చింపి తుడిచాను. తుడిచినంతసేపూ బాగుండి, ఆరాక మళ్లీ అదే మసక. అప్పుడు ఫోన్లో ఒక ప్రకటన చూసి క్లీనింగు వాళ్లని పిలిచాను. ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. బకెట్టు, గిన్నెలు తోమే స్టీలు పీచు, పాత పేపర్ల కట్ట, ఒక సీసాలో బాత్రూం యాసిడ్, అంతే సరంజామా. వచ్చీరాగానే పొడిగుడ్డతో అద్దాలన్నీ గట్టిగా రుద్ది దుమ్ము దులిపారు. మరకలు పోని చోట యాసిడ్‌లో పీచు ముంచి రుద్దారు. హాలు కిటికీ దగ్గర నేను నిలబడే ఉన్నాను, చెయ్యి ఎలా తిరిగితే అలా గీత పడుతోందని నాకు తెలిస్తే కదా. ఆ యాసిడ్ కారి కింద అల్యూమినియం ట్రాకు మీద తెల్లటి పొక్కుల్లాంటి మచ్చలు పడ్డాయి, అవి ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లని తిట్టాలనిపించింది గానీ తిట్టలేదు. వాళ్లకెవరూ నేర్పలేదు. నేనేమన్నా తెలిసి అడిగానా?

ఎందుకు గీసుకుందో తర్వాత అర్థమైంది. మామూలు కిటికీ అద్దం గట్టిదనం మోస్ కొలత మీద ఐదున్నర దగ్గర ఉంటుంది, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఏడు. ఏడు ఐదున్నరని గీసేస్తుంది, ఇందులో పెద్ద సైన్సేం లేదు. ఇసుక రేణువు అద్దానికీ గుడ్డకీ మధ్యన ఉండగా గట్టిగా రుద్దితే మనం అద్దాన్ని గరుకు కాగితంతో పాలిష్ పట్టినట్టే. మన ఊక బూడిద కూడా తక్కువది కాదు. వరి మొక్క నేలలోంచి సిలికాని, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్నే, లాక్కుని ఊకలో దాచుకుంటుంది, ఊక కాలాక మిగిలే బూడిదలో నూటికి ఎనభై, తొంభై పాళ్లు సిలికానే. మెత్తగా ఉంది కదా అని వేలితో నలిపితే తెలియదు.

దీని మీద మా అత్తగారికీ నాకూ చిన్న యుద్ధం జరిగింది. ఆవిడ చిన్నప్పుడు రోజూ సాయంత్రం లాంతరు గ్లాసులు తుడవడం ఆవిడ పనేనట, పిడకల బూడిద వేలికి అద్దుకుని లోపల తిప్పి, పాత పంచె ముక్కతో తుడిస్తే గ్లాసు మల్లెపువ్వులా ఉండేదట. "బూడిదతో తోమితే గీతలు పడతాయంటావేంటి, మేం తోమలేదా" అని ఆవిడ పాయింటు. అది జల్లించిన బూడిదండీ, పైగా ఆ గ్లాసు ఏడాది తిరిగేలోపు ఎవరో ఒకరి చేతిలో పగిలేది, గీతలు చూసే దాకా అది బతికితే కదా అన్నాను. ఆవిడ నాతో ఒక పూట మాట్లాడలేదు.

ఇంక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మా పుట్టింటి ఊరి అబ్బాయి ఒకడు తొమ్మిదేళ్లు మస్కట్‌లో బిల్డింగుల అద్దాలు తుడిచే పని చేసి వచ్చేశాడు. కోనసీమలో గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లు లేని వీధి ఉండదు, వచ్చాక చాలామంది ఆటో కొంటారు, లేకపోతే చెరువు లీజుకి తీసుకుంటారు. ఇతను మాత్రం పనిముట్లన్నీ ఒక ప్లంబరు సంచిలో వేసుకుని, బండి వెనక నిచ్చెన కట్టుకుని, అద్దాలు తుడుస్తానని తిరుగుతున్నాడు. మా అమ్మ చెబితే పిలిచాను. నిజం చెప్పొద్దూ, దానికోసం మస్కట్‌లో నేర్చుకోవాలా అనే అనుకున్నాను.

వచ్చి బకెట్టు దించకుండా ముందు ఇల్లంతా తిరిగాడు. వేలు కొంచెం తడిచేసుకుని అద్దం మీద ఒక చోట రాసి, ఆ తడి ఉన్నంతసేపు మసక కనపడకుండా పోయి, ఆరగానే మళ్లీ రావడం చూపించాడు. "ఇది దుమ్ము కాదు అక్కగారూ. తవరి నీళ్లే" అన్నాడు. నాకు కోపమొచ్చింది. అప్పుడు సంచిలోంచి, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే పెన్నులాంటిది తీసి మా బోరు నీళ్లలో ముంచితే 1,180 అని చూపించింది. తాగే నీళ్ల టిన్ను లోది 45. తాగే నీళ్లకి మన దేశపు ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 వరకూ ఓర్చుకోవచ్చు. అంటే మా నీళ్లు ఓర్చుకునే రకం. ఆ తర్వాత మా బోరు నీటి చుక్క ఒకటీ, టిన్ను నీటి చుక్క ఒకటీ వంటింటి నల్ల గ్రానైట్ మీద పక్కపక్కనే వేసి, టీ తాగుదామా అన్నాడు. టీ తాగి వచ్చేసరికి బోరు చుక్క ఉన్నచోట సున్నంతో గీసినట్టు గుండ్రటి గీత మిగిలింది. రెండోది ఎక్కడ వేశాడో వెతుక్కోవాల్సి వచ్చింది.

అదీ సంగతి. వారం వారం నేను పైపు పెట్టి అద్దాల మీద బోరు నీళ్లు కొట్టి, కడిగాను కదా అని సంబరపడి వదిలేసేదాన్ని. నీళ్లు ఎండలో ఆవిరైపోయేవి, అందులోని కాల్షియం, మెగ్నీషియం అద్దం మీదే ఉండిపోయేవి. ఏడాది పాటు అద్దానికి సున్నం వేశానన్నమాట, పొరమీద పొర.

నేను మస్కట్ గురించి అడిగాను. కొండల మధ్య ఊరట అది, మనకిలా పచ్చటి కొండలు కావు, గడ్డిపోచ మొలవని రాళ్ల కొండలు, హజర్ పర్వతాలంటారు, ఇళ్ల వెనకే గోడల్లా నిలబడి ఉంటాయట. గాలి లేస్తే ఆ కొండల మీది పొడి, ఎడారి పొడి కలిసి కిటికీలన్నీ గోధుమ రంగైపోతాయట. తెల్లవారుజామున సముద్రపు తేమ మంచులా పడి ఆ పొడిని అద్దానికి మెత్తి పోతుంది, ఎండ రాగానే అది పెచ్చు కడుతుంది. "దూరపు కొండలు నునుపు అంటారు గానీ అక్కగారూ, దగ్గరికెళ్తే అంతా పొడే" అని నవ్వాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకూ బయట ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టం. వీళ్లు అసలు ఆ టైము దాకా ఆగేవారే కాదట, ఎండలో అద్దం కాలిపోతుంటే సబ్బు నీళ్లు లాగేలోపే ఆరిపోయి చారలు పడతాయి కాబట్టి చీకటితోనే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగించేవారు.

నాకు ఆశ్చర్యమనిపించింది ఇంకోటి. అంత దుమ్ములోనూ అక్కడి పని తేలికేనంటాడు. ఎందుకంటే అక్కడ కుళాయిలో వచ్చేవి సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసేసిన నీళ్లు, మన బోరు నీళ్ల కంటే ఎంతో తేలిక. దుమ్ము ఎంత మందంగా ఉన్నా అది అద్దం పైన కూర్చున్నదే, మంచి నీళ్లు పడితే దిగిపోతుంది. పెద్ద బిల్డింగులకైతే ఆ నీళ్లని కూడా ఫిల్టర్లలో వేసి లవణాలు సున్నాకి తెచ్చి, పొడవాటి గెడ చివర బ్రష్షులోంచి చిమ్ముతూ రుద్దేసి అలా వదిలేస్తారట. తుడవక్కర్లేదు, ఆరినా మచ్చ పడదు, నీళ్లలో మిగలడానికి ఏమీ లేదు కాబట్టి. మూడు కాలువల మధ్య, గోదావరి పాయల నడుమ కూర్చుని, రాళ్ల కొండల్లో వాళ్లకున్నపాటి నీళ్లు మా కిటికీలకి లేవే అని ఆ పూట నాకు భలే చిన్నతనంగా అనిపించింది.

పని ఎలా చేశాడో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని నేను కుర్చీ వేసుకుని మరీ చూశాను.

అద్దం జోలికి చివర్న వచ్చాడు. ముందు దోమల జాలీలు ఊడదీసి పెరట్లో పడుకోబెట్టి మెత్తటి బ్రష్షుతో సబ్బు నీళ్లు పెట్టి కడిగాడు. మనం అద్దాలు తోముకుని జాలీలు వదిలేస్తాం, మొదటి వాన పడగానే జాలీలో ఉన్న మురికంతా కారి అద్దం మీదకే వస్తుంది. తర్వాత ట్రాకులు. అందులో పేరుకున్న మట్టిని పెయింటు బ్రష్షుతో పొడిగానే లేపి వ్యాక్యూమ్‌తో లాగాడు, నీళ్లు పోస్తే బురదై మూలల్లో దూరుతుందట. అప్పుడొక అగరుబత్తి పుల్ల అడిగాడు. ఎందుకా అనుకున్నాను. ట్రాకు బయటి అంచున చిన్న కన్నాలుంటాయి చూశారా, నేను అవి స్క్రూలు బిగించడం మర్చిపోయిన కన్నాలనుకునేదాన్ని. అవి వాన నీళ్లు బయటికి పోయే దారులు. మా ఇంట్లో ఒక్క కన్నం కూడా తెరుచుకుని లేదు, కొబ్బరి పొట్టు, చచ్చిన పురుగులు, పెయింటు ముద్దలు పట్టేశాయి. గాలివాన వచ్చినప్పుడల్లా పడకగదిలోకి నీళ్లొస్తుంటే మేం కిటికీ అమర్చిన వాడిని తిట్టి, సిలికాన్ గొట్టాలు తెచ్చి కనపడ్డ సందల్లా పూడ్చాం, అందులో రెండు మూడు ఈ కన్నాలే. 1996 నవంబరు తుపానులో చెక్క కిటికీలకి గోనె సంచులు కుక్కి రాత్రంతా మెలకువగా కూర్చున్న మా అత్తగారు కూడా ఈ కన్నాల సంగతి విని, "పాత కిటికీకి చూరు కింద నీళ్లు పోయేవి, దీనికి కన్నంలోంచా" అని దగ్గరికొచ్చి చూశారు. పుల్లతో పొడిచి, చెంబుతో నీళ్లు పోసి, బయటి గోడ మీద ధార కట్టడం చూపించాకే ఆ కిటికీ వదిలాడు.

తర్వాత సున్నపు పొర. దానికి అతను వాడింది నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో దొరికేదే. అరలీటరు గోరువెచ్చటి నీళ్లలో పెద్ద చెంచాడు కరిగించి, గుడ్డ ముక్కలు తడిపి అద్దానికి అతికించి పది నిమిషాలు వదిలేశాడు. కొన్ని చోట్ల రెండుసార్లు, మెట్ల దగ్గర అద్దానికైతే మూడుసార్లు. పాలరాయి గడపలున్న చోట ముందే ప్లాస్టిక్ కవరు పరిచాడు, పులుపు పడితే పాలరాయి పొక్కుతుందట, గ్రానైట్‌కి ఫర్వాలేదు. బ్లీచింగ్ కలిసిన లిక్విడ్లేవీ ఆ దరిదాపుల్లో ఉంచొద్దని నాతో రెండుసార్లు చెప్పాడు, యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చే గాలి ఊపిరితిత్తులకి మంచిది కాదు. పదిహేడు పలకలు పూర్తిగా తేరుకున్నాయి. మూడు కొంచెం మసక మిగిలాయి. మిగిలిన రెండూ గేటు వైపువి, ప్రహరీ కట్టినప్పుడు సిమెంటు నీళ్లు కారి ఎండిపోయినవి. తడి సిమెంటు క్షారం, అద్దాన్నే తినేస్తుంది, ఇది మరక కాదు అక్కగారూ గుంట అన్నాడు. కట్టేటప్పుడు ఒక పాత ఫ్లెక్సీ ముక్క కప్పి ఉంటే సరిపోయేది. ఫ్లెక్సీలకి మా ఊళ్లో కరువా?

చివరికి అద్దం. ముందు ధారాళంగా తడిపి, ఇసుక, బూడిద అన్నీ వాటంతట అవే కిందకి జారేదాకా చెయ్యి పెట్టలేదు. బకెట్టు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, అంతే, నురగ ఎక్కువైతే మిగిలిపోయి చారలవుతుందట. ఉన్ని తొడుగు ఉన్న కర్రతో పైనుంచి కింద దాకా రుద్దాడు. అప్పుడు తీశాడు ఆ రబ్బరు పనిముట్టు, స్క్వీజీ అంటాడు, మా అత్తగారు చూడగానే "చిన్న వైపర్" అని పేరు పెట్టేశారు. ఇత్తడి పట్టుకి ఒకే ఒక్క సన్నటి రబ్బరు. ఇంట్లో వాళ్లకి అంతుపట్టని సంగతి, దీన్ని కనిపెట్టింది ఎవరో ఇంజినీరు కాదు, అద్దాలు తుడుచుకుని బతికిన మనిషే. ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన ఎటోర్ స్టెకోన్, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో కిటికీలు తుడుస్తూ, అప్పటి బరువైన పరికరాలతో చెయ్యి పడిపోతుంటే 1936లో ఇలాంటి తేలికపాటి ఇత్తడి దానికి పేటెంట్ తీసుకున్నాడు. దాదాపు తొంభై ఏళ్లయినా దాని రూపం పెద్దగా మారలేదు.

పై అంచున ఒక అంగుళం గుడ్డతో పొడి చేసుకుని, అక్కడ రబ్బరు ఆనించి, పక్కకి లాగి, అంచు దగ్గర మణికట్టు తిప్పి, చెయ్యి ఎత్తకుండా మళ్లీ ఇటు లాగి, అలా మెలికలు మెలికలుగా కిందికి దిగిపోయాడు. మెలికల ముగ్గు వేసేవాళ్లు పిండి చెయ్యి ఎత్తకుండా వేస్తారే, అచ్చం అదే. ఒక పలకకి ముప్పై సెకన్లు పట్టి ఉండదు. నేను అడిగి తీసుకుని ఒకటి లాగాను, నాలుగు చారలు, ఒక బుడగల గీత, మోచేతి దాకా నీళ్లు. రబ్బరు అంచున గోరంత గాటు పడినా అద్దం మీద ఆ మేర గీతలా నీళ్లు మిగులుతాయి, అందుకే అది తిప్పి వేసుకుంటాడు, రెండు వైపులా అరిగాక మారుస్తాడు. మనం ఇంట్లో ఏళ్ల తరబడి ఒకే వైపర్ వాడి అది తుడవట్లేదని విసుక్కుంటాం. ఆఖరు కడుగుకి మాత్రం టిన్ను నీళ్లు వాడాడు. మొత్తానికి రెండు టిన్నులు పట్టాయి, ముప్పై రూపాయలు.

మెట్ల దగ్గర పెద్ద అద్దానికి బయటి వైపు తుడవాలంటే సన్‌షేడ్ మీద నిలబడాలి. మనవాళ్లు మామూలుగా నిలబడిపోతారు, కింద నుంచి ఇంకొకడు "జాగ్రత్తరా" అంటూ ఉంటాడు, అదే మన సేఫ్టీ. ఇతను నడుముకి బెల్టు కట్టుకుని, తాడు డాబా మీది స్తంభానికి వేసి, ఆ ముడి నాచేత లాగించి చూసుకున్నాకే దిగాడు. వాళ్ల నాన్న కొబ్బరి దింపు మనిషి, ఎత్తంటే భయం లేని వంశం. అయినా తాడు లేకుండా కాలు పెట్టలేదు. పడమటి బాల్కనీ దగ్గర ఇంకా నచ్చాడు నాకు. ఆ పక్కనే కరెంటు తీగలు పోతాయి, అక్కడ పొడవాటి అల్యూమినియం గెడ ఎత్తనంటే ఎత్తనన్నాడు. తడి గెడ తీగకి దగ్గరగా వెళ్లినా చాలు, మనిషి మిగలడట. మా ఆయన "కొంచెం పక్కనుంచి అందుకోవచ్చు కదయ్యా" అంటే, "ఆయ్, అందుకోవచ్చండి, తవరే అందుకోండి" అని గెడ ఆయన చేతికివ్వబోయాడు. మా ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ రెండు పలకలు లోపల నుంచి రెక్క జరిపి, చెయ్యి చాపి, అందినంత మేర తుడిచాడు. మూల ఒకటి మిగిలింది. ఉండనీ.

డబ్బు సంగతి. మూడు వేల రెండొందలు అడిగాడు, పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా, అలా రెండు రోజులు. మా ఆయన "అద్దాలు తుడవడానికి మూడు వేలా" అని బేరం మొదలెట్టారు, గేటు దగ్గర పదిహేను నిమిషాలు. తోటలో కాయ దింపితే చెట్టుకింత అని మాట్లాడుకుంటాం, అందులో ఆయన ఎప్పుడూ బేరమాడరు, ఎందుకంటే తను చెట్టెక్కలేరు. కిటికీ దగ్గరికొచ్చేసరికి తనూ తుడవగలననుకుంటారు, అందుకే పైసా ఎక్కువనిపిస్తుంది. నేను లోపలికెళ్లి హాలు కర్టెన్ తీసేశాను. సాయంత్రపు ఎండ పడింది, పదిహేను వందల విసనకర్ర కనపడింది. ఆయన జేబులోంచి డబ్బు తీశారు.

ఆ గీతలు మాత్రం పోలేదు. పాలిష్ పడితే తగ్గుతాయట గానీ అద్దం ఎగుడుదిగుడై చూపు వంకరపోతుందట, దానికంటే పలక మార్చుకోవడమే మేలన్నాడు. ఇంకా మార్చలేదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, పైపు పెట్టి బోరు నీళ్లు కొట్టడం మానేశాను. పొడిగుడ్డ అద్దం మీద ఆనడం నిషేధం, పనమ్మాయికి కూడా చెప్పాను, ఆ అమ్మాయి నాకు పిచ్చి పట్టిందనుకుంటోంది. వానాకాలం డాబా మొదటి జల్లుకి కడుక్కుపోయాక పడే నీళ్లు రెండు డ్రమ్ములు పట్టి ఉంచుతాను, ఆ నీటిలో లవణాలు దాదాపు ఉండవు. ఎండాకాలం కాలువలు కట్టేసి అందరూ బోర్ల మీద పడ్డప్పుడు ఏసీ గొట్టం కింద బకెట్టు పెడతాను. గాల్లోని తేమ చల్లబడి దిగిన నీళ్లు కదా అవి, ఆ పెన్ను అరువు తెచ్చి కొలిస్తే ముప్పై కూడా లేదు. గుడ్డతో వడకట్టుకుంటే ఆఖరు కడుగుకి బంగారం. మా గదిలో ఏసీ రాత్రంతా వేస్తే బకెట్టుకి కాస్త తక్కువ వస్తుంది, ఇదివరకు కరెంటు బిల్లు గురించి గొడవ పడే నేనే ఇప్పుడు నీళ్ల కోసం వెయ్యమంటున్నాను. లోపలి వైపు సన్ ఫిల్మ్ వేసిన అద్దాలకి బ్లేడు, ఘాటు లిక్విడ్ తగలనివ్వను, మెత్తటి తడిగుడ్డే. ఆ అబ్బాయిని ఏడాదికి మూడుసార్లు రమ్మన్నాను: దాళ్వా కోతలు అయ్యాక, దీపావళి పురుగుల గోల సద్దుమణిగాక, సంక్రాంతికి వారం ముందు. సంక్రాంతికి అతనికి తీరిక దొరకడం కష్టంగా ఉంది, మా వీధిలోనే ఇంకో నాలుగిళ్ల వాళ్లు పిలుస్తున్నారు. రేటు కూడా పెంచాడు, మంచిదే.

ఒకటి చెప్పడం మర్చిపోయాను. మొదటిసారి పని అయిన మర్నాడు పొద్దున్నే మా అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లబోయి, తలుపు తెరిచే ఉందనుకుని నేరుగా అద్దానికి నుదురు కొట్టుకున్నారు. దెబ్బేం పెద్దది కాదు, కాఫీ మాత్రం అద్దం మీద కిందిదాకా కారింది. ఇన్నాళ్లూ మసకగా ఉంటే లేని ప్రమాదం తుడిపించాక వచ్చిందని ఇల్లంతా వినపడేలా అన్నారు. ఆ సాయంత్రమే తడి పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టి, తన నుదుటి ఎత్తుకి సరిగ్గా రూపాయి బిళ్లంత బొట్టు పెట్టారు ఆ అద్దానికి. మొన్న అబ్బాయి వచ్చినప్పుడు దాన్ని చూసి ఆగాడు, నావైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు. తర్వాత ఉన్ని కర్ర పక్కన పెట్టి, చిన్న రబ్బరు తీసుకుని, బొట్టు చుట్టూ గుండ్రంగా తిప్పుకుంటూ మిగతా అద్దమంతా తుడిచాడు.